ఉన్నట్టుండి ఆగిపోయే పాత కారు: జబ్బు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. అరగంట హాయిగా నడుస్తుంది. తర్వాత ఏ సూచనా లేకుండా ఇంజన్ ఆగిపోతుంది. పక్కకు తీసి ఎంత సెల్ఫ్ కొట్టినా తిరుగుతుంది గానీ అందుకోదు. బానెట్ ఎత్తి అటూ ఇటూ చూసి, పావుగంట తర్వాత తాళం తిప్పితే ఏమీ జరగనట్టే స్టార్ట్ అవుతుంది. మెకానిక్ దగ్గర గంటసేపు ఆన్‌లో ఉంచినా ఆగదు. డాక్టర్ గది గుమ్మం తొక్కగానే పంటినొప్పి మాయమైనట్టు ఉంటుంది వ్యవహారం.

పాత కార్లకు వచ్చే జబ్బుల్లో మనిషిని ఇంతగా ఏడిపించేది మరొకటి లేదు. పూర్తిగా చెడిపోయిన వస్తువును పట్టుకోవడం తేలిక. అప్పుడప్పుడూ చెడిపోయి, మనం చూసే వేళకు బాగుపడిపోయేదాన్ని పట్టుకోవడమే కష్టం. అందుకే చాలామంది ఊహ మీద ఆధారపడతారు. ముందు ప్లగ్గులు, తర్వాత ఫిల్టరు, ఆపైన పంపు, కాయిల్... ఒక్కోటీ మారుస్తూ పోతారు. డబ్బు పోతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఒకటే. బండి ఆగిపోయి స్టార్ట్ కాకుండా ఉన్న ఆ పది నిమిషాలే మనకున్న సాక్ష్యం. మనమేమో ఆ పది నిమిషాలనూ ఎలాగోలా స్టార్ట్ చేయాలన్న ఆదుర్దాలో గడిపేస్తాం. స్టార్ట్ అయిన క్షణాన ఆధారాలన్నీ చెరిగిపోతాయి. కాబట్టి ఆగినప్పుడు ఏం చూడాలో ముందే తెలిసి ఉండాలి, చూడటానికి కావలసిన నాలుగు సామాన్లు బండిలో ఉండాలి.

అన్నిటికన్నా ముందు ప్రాణం సంగతి. నడుస్తున్న బండి ఇంజన్ ఆగితే పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది, పనిచేయకపోవడం మాత్రం ఉండదు. బ్రేకుకు సాయంచేసే బూస్టర్‌లో రెండు మూడు నొక్కులకు సరిపడా వాక్యూమ్ మిగిలి ఉంటుంది. ఊరికే పంపు కొట్టినట్టు బ్రేకు తొక్కితే అదీ అయిపోతుంది. తాళాన్ని వెనక్కి తిప్పి బయటకు లాగకూడదు, స్టీరింగ్ లాక్ పడుతుంది. హజార్డ్ లైట్లు వేసి, ఒకే నిదానమైన ఒత్తిడితో బ్రేకు తొక్కుతూ పక్కకు తీసుకోవాలి. పరిశోధన ఆ తర్వాతే.

ఆగిన క్షణంలో డ్యాష్‌బోర్డు ఏం చెప్పింది?

ఇంజన్ చనిపోయిన తీరులోనే సగం జవాబు ఉంటుంది. తాళం తీసేసినట్టు టక్కున ఆగిందా, లేక జర్కులు కొడుతూ, పికప్ పోతూ, ఊపిరాడనట్టు ఆగిందా? టక్కున ఆగితే చూపు కరెంటు వైపు తిప్పాలి: ఇగ్నిషన్ స్విచ్ (తాళం తిప్పే స్విచ్), రిలేలు (కరెంటును కలిపి, తెంచే చిన్న స్విచ్ డబ్బాలు), క్రాంక్ సెన్సర్ (ఇంజన్ తిరుగుతోందని కంప్యూటర్‌కు చెప్పేది), కాయిల్ (ప్లగ్గులకు స్పార్క్ కరెంటు ఇచ్చేది). ఈడ్చుకుంటూ ఆగితే పెట్రోల్ వైపు. ఇది నూటికి నూరుపాళ్లూ నిజమయ్యే సూత్రమేమీ కాదు, కానీ మొదటి అడుగు ఎటు వేయాలో చెబుతుంది.

రెండోది, డ్యాష్‌బోర్డు. తాళం ఆన్‌లో ఉండగా ఇంజన్ ఆగితే ఆయిల్ లైటు, బ్యాటరీ లైటు వెలగాలి. అది మామూలే. అలా వెలగకుండా మొత్తం డ్యాష్‌బోర్డు చీకటైపోయిందంటే బండికి కరెంటే పోయింది. అప్పుడు పెట్రోల్ పంపును అనుమానించడం దండగ. బ్యాటరీ టెర్మినల్ వదులుగా ఉందేమో, ఇగ్నిషన్ స్విచ్‌లో కాంటాక్టులు అరిగాయేమో చూడాలి. తాళంచెవికి బరువైన గుత్తి వేలాడదీసే అలవాటున్నవాళ్ల బళ్లలో ఈ స్విచ్ త్వరగా అరుగుతుంది. ఇంజన్ నడుస్తుండగా, బండిని నిలిపి, తాళాన్ని వేళ్లతో కొద్దిగా అటూ ఇటూ కదిపి చూడండి. లైట్లు మిణుకుమన్నా, ఇంజన్ తడబడినా దొంగ దొరికినట్టే.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆధారం: ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు. మాన్యువల్ గేరు బండి గేరులో ఉండగా ఆగిందనుకోండి. చక్రాలు తిరుగుతున్నంతసేపూ అవే ఇంజన్‌నూ తిప్పుతుంటాయి. అంటే ఇంజన్ చచ్చినా దాని ఇరుసు, అంటే క్రాంక్, తిరుగుతూనే ఉంది. ఆ కొద్ది సెకన్లలో ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోతే, ఇంజన్ తిరుగుతున్న సంగతి ముల్లుకు అందడం లేదన్నమాట. క్రాంక్ సెన్సర్ గానీ, దాని వైరు గానీ, ఇగ్నిషన్‌కు వచ్చే కరెంటు గానీ తెగింది. ముల్లు బండి వేగంతోపాటు నెమ్మదిగా దిగితే ఆ సిగ్నల్ బాగానే ఉంది, చూడాల్సింది మరోచోట. ఒక్క చూపుతో వైరింగ్ డయాగ్రంలో సగం కొట్టేయవచ్చు. క్లచ్ తొక్కేస్తే మాత్రం ఈ ఆధారం దక్కదు, కాబట్టి రోడ్డు ఖాళీగా ఉంటేనే ఇటు చూడండి.

ఒకే కథ, నాలుగు జబ్బులు

మొదట చెప్పిన లక్షణాన్ని మళ్లీ గుర్తు చేసుకుందాం. అరగంట నడిచి ఆగడం, పావుగంట ఆగి నడవడం. ఇది వినగానే 'వేడికి క్రాంక్ సెన్సర్ పోయింది' అని తేల్చేసేవాళ్లు ఉంటారు. చాలాసార్లు అది నిజమే. కానీ అచ్చం ఇదే కథ చెప్పే జబ్బులు ఇంకో మూడు ఉన్నాయి.

క్రాంక్ సెన్సర్ సంగతి ఇది. పాత బళ్లలో ఎక్కువగా ఉండే రెండు వైర్ల రకంలో అయస్కాంతం చుట్టూ వెంట్రుక లాంటి రాగితీగ చుట్టి ఉంటుంది. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారగా లోపల ఎక్కడో తీగ చిట్లుతుంది. చల్లగా ఉన్నప్పుడు చిట్లిన కొనలు ఆనుకుని ఉంటాయి. వేడికి వ్యాకోచించగానే విడిపోతాయి. సిగ్నల్ లేదు కాబట్టి ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌కు ఇంజన్ తిరుగుతున్నట్టే తెలియదు. స్పార్క్ ఆపేస్తుంది, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు ఆపేస్తుంది, పెట్రోల్ పంపునూ ఆపేస్తుంది.

చివరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. పంపును ఆపేది కంప్యూటరే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు పంపు తిరగడం లేదని గమనించి పంపు మార్చేసేవాళ్లు చాలామంది. పంపుకు ఏ రోగమూ లేదు, దానికి ఆజ్ఞ అందలేదంతే. దీన్ని తేల్చుకోవడం సులువు. చాలా ఇంజెక్షన్ బళ్లలో తాళం ఆన్ చేయగానే, సెల్ఫ్ కొట్టకముందే, పంపు రెండు సెకన్లపాటు తిరుగుతుంది. ఆగిన బండిలో వెనకసీటు దగ్గర చెవి పెట్టి, ఇంకొకరిని తాళం తిప్పమనండి. ఆ 'జుయ్' శబ్దం వినిపించి, సెల్ఫ్ కొట్టినప్పుడు స్పార్క్ లేకపోతే పంపు నిర్దోషి. సెన్సర్ కొనల మధ్య మల్టీమీటర్ పెట్టి చూడండి. చల్లగా ఉన్నప్పుడు కొన్ని వందల ఓములు చూపించింది, ఇప్పుడు తీగ తెగినట్టు చూపిస్తే ఇక వాదన అక్కర్లేదు. మూడు వైర్ల హాల్ సెన్సర్‌కు (తీగచుట్టకు బదులు చిప్ ఉండే రకానికి) మాత్రం ఓముల పరీక్ష పనికిరాదు. దాన్ని వేడి చేసి, చల్లార్చి, సిగ్నల్ వస్తోందో లేదో చూడాల్సిందే.

రెండో జబ్బు ట్యాంకులో ఉంటుంది. పాత ట్యాంకు అడుగున తుప్పు పొడి, మడ్డి చేరుతాయి. పంపు నోటికి సంచిలాంటి జల్లెడ తొడిగి ఉంటుంది. పంపు లాగుతున్నకొద్దీ ఆ మడ్డి జల్లెడకు అతుక్కుంటూ వస్తుంది. ఓ దశలో పెట్రోల్‌కు దారి మూసుకుపోయి ఇంజన్ ఆగుతుంది. పంపు ఆగగానే లాగే శక్తి పోయి మడ్డి మళ్లీ అడుగుకు జారుతుంది. పావుగంటకు దారి తెరుచుకుంటుంది. సెన్సర్ కథకూ దీనికీ పైకి తేడా లేదు. కానీ ఇది టక్కున చంపదు. ముందు ఎత్తు ఎక్కేటప్పుడు లాగలేకపోతుంది, యాక్సిలరేటర్ తొక్కితే ఇంకా నీరసపడుతుంది, ఆ తర్వాతే ఆగుతుంది.

మూడోది, ట్యాంకుకు గాలి ఆడకపోవడం. పెట్రోల్ బయటకు పోతున్నకొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి. గాలి వచ్చే గొట్టం మట్టితోనో పురుగు గూడుతోనో మూసుకుపోతే ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడి పంపుతో పోటీపడుతుంది. బండి ఆగిన వెంటనే ట్యాంకు మూత తిప్పండి. గట్టిగా, ఎక్కువసేపు 'సుయ్' మంటూ గాలి లోపలికి పీల్చుకుని, ఆ తర్వాత బండి వెంటనే స్టార్ట్ అయితే జవాబు దొరికింది. చిన్న 'ఫస్' శబ్దం చాలా బళ్లలో మామూలే, దానికి కంగారుపడొద్దు.

నాలుగోది రిలే. దాని కథ చివర్లో చెబుతాను.

ఇంజెక్టర్లకు బదులు కార్బొరేటరే గాలిలో పెట్రోల్ కలిపే బళ్లయితే మరో రెండు చేరతాయి. పెట్రోల్‌లోని తేలిక భాగాలు 40 డిగ్రీల సెల్సియస్‌లోపే ఆవిరవడం మొదలవుతాయి. ఇంజన్ మీదున్న పంపు ట్యాంకు నుంచి పెట్రోల్‌ను పీలుస్తుంది కాబట్టి గొట్టంలో ఒత్తిడి తగ్గి ఆ ఆవిరి ఇంకా తొందరగా పుడుతుంది. పంపు ద్రవాన్ని తోయగలదు, ఆవిరిని తోయలేదు. ఇదే వేపర్ లాక్. ట్యాంకులోనే ఎలక్ట్రిక్ పంపు పెట్టి ఒత్తిడితో ముందుకు నెట్టడం మొదలయ్యాక ఈ బాధ చాలావరకు తీరింది. రెండోది దీనికి పూర్తిగా వ్యతిరేకం: మంచు. చల్లగా, తేమగా ఉన్న రోజున కార్బొరేటర్ గొంతులో పెట్రోల్ ఆవిరవుతూ అక్కడి వేడిని పీల్చేస్తుంది. బయట 5, 10 డిగ్రీలున్నా లోపల సున్నా కిందికి దిగి, గాలిలోని తేమ మంచుగా పేరుకుని దారి మూసేస్తుంది. బండి ఆగాక ఇంజన్ వేడికి కొద్ది నిమిషాల్లోనే ఆ మంచు కరిగి నీళ్లయి పోతుంది. బానెట్ ఎత్తేసరికి చూడటానికి ఏమీ మిగలదు. ఎయిర్ ఫిల్టర్‌కు వేడిగాలి తెచ్చే గొట్టం ఊడిపోయిన పాత బళ్లలో ఇలా జరుగుతుంది. పనికిరానిదనుకుని ఆ గొట్టాన్ని తీసిపారేసిన బళ్లు ఎన్నో.

పాయింట్ల ఇగ్నిషన్ (తెరుచుకుని మూసుకునే కాంటాక్టులతో స్పార్క్ పుట్టించే పాత పద్ధతి) ఉన్న బళ్లకు ఒక చక్కని గుర్తు ఉంది. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఇంజన్ అందుకుంటుంది, తాళం వదలగానే ఆగిపోతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు కాయిల్‌కు బ్యాటరీ కరెంటు నేరుగా వస్తుంది, ఆ తర్వాత దాన్ని తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టర్ గుండా వస్తుంది. ఆ రెసిస్టర్ గానీ, తాళంలోని ఆ కాంటాక్టు గానీ తెగింది. అదే ఇంజెక్షన్ బండి స్టార్ట్ అయిన ఒకటి రెండు సెకన్లకే ప్రతిసారీ ఆగుతుంటే ముందు ఇమ్మొబిలైజర్ (తాళాన్ని గుర్తుపట్టకపోతే ఇంజన్‌ను నడవనివ్వని ఏర్పాటు) లైటు చూడండి.

నిలిపినప్పుడే ఆగితే

రోడ్డు మీద బాగానే పోయి, వేగం తగ్గించి నిలపగానే ఆఫ్ అయ్యేది వేరే జాతి జబ్బు. ఇక్కడ దాదాపు ఎప్పుడూ విషయం గాలిది. యాక్సిలరేటర్ మీద కాలు తీసినప్పుడు ఇంజన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ మూసుకుంటుంది. ఇంజన్ బతకడానికి పక్కదారి గుండా కొద్దిగా గాలి వెళ్లాలి. ఆ దారిని ఐడిలింగ్ వాల్వ్ చూసుకుంటుంది. అక్కడ మసి పేరుకుంటే స్లో (కాలు తీసినప్పుడు ఇంజన్ తిరిగే వేగం, అదే ఐడిలింగ్) పడిపోతుంది. కాలితో యాక్సిలరేటర్ కాస్త తాకి ఉంచితే బండి బతికే ఉంటే, మొదట చేయాల్సింది థ్రాటిల్ బాడీని, ఆ వాల్వ్‌ను శుభ్రం చేయడం. కొన్ని బళ్లకు శుభ్రం చేశాక స్లోను మళ్లీ నేర్పించాల్సి ఉంటుంది, లేకపోతే మునుపటికన్నా అధ్వాన్నంగా నడుస్తుంది. అది చూసి పాడుచేశామని భయపడక్కర్లేదు.

బ్రేకు తొక్కినప్పుడే ఆగితే? ఇంజన్‌కూ బ్రేకుకూ సంబంధమేమిటనిపిస్తుంది. సంబంధం వాక్యూమ్ గొట్టం. బ్రేకు బూస్టర్ లోపలి రబ్బరు పొర చిరిగితే, తొక్కిన ప్రతిసారీ ఆ చిరుగు గుండా గాలి ఇంజన్‌లోకి దూరుతుంది. నిలబడి ఉన్న బండిలో బ్రేకు తొక్కి పట్టి, ఐడిలింగ్ మారుతోందా, పెడల్ దగ్గర బుస వినిపిస్తోందా అని వినండి. ఇది ఇంజన్ జబ్బే కాదు, బ్రేకు జబ్బు కూడా. వాయిదా వేయకూడదు. ఆటోమేటిక్ బండి అయితే, నిలపబోయే ముందు న్యూట్రల్‌లోకి తెచ్చి చూడండి. అప్పుడు ఆగకుండా ఉంటే టార్క్ కన్వర్టర్ (ఆటోమేటిక్‌లో ఇంజన్‌ను గేర్‌బాక్సుకు కలిపేది) లోపలి లాకప్ క్లచ్ విడవడం లేదేమో. క్లచ్ తొక్కకుండా మాన్యువల్ బండిని నిలిపినట్టే అవుతుంది అది. తెరుచుకునే ఉండిపోయిన ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేది) కూడా స్లోలోనే చంపుతుంది. వేగంలో ఉన్నప్పుడు దాని జాడే తెలియదు.

స్కానర్ ఏమీ చెప్పకపోతే

1996 నుంచి అమెరికాలో అమ్మిన ప్యాసింజర్ కార్లన్నిటికీ ఓబీడీ-2 (కంప్యూటర్ దాచుకున్న లోపాల కోడ్లను స్కానర్‌తో చదివే ఏర్పాటు) తప్పనిసరి. మిగతా దేశాలు ఆ తర్వాత ఆ దారిలోకి వచ్చాయి. మీ బండికి ఆ సాకెట్ ఉంటే స్కానర్ పెట్టడం మంచిదే. పి0335 అనే కోడ్ వస్తే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్ అని అర్థం. కానీ కోడ్ లేదంటే జబ్బు లేదని కాదు. ఒక్కసారి కంప్యూటర్ స్థానంలో ఉండి ఆలోచించండి. క్రాంక్ సిగ్నల్ హఠాత్తుగా ఆగింది. ఇంజన్ నిజంగా ఆగిందా, సెన్సర్ పోయిందా? రెండూ దానికి ఒకేలా కనిపిస్తాయి. ఇంజన్ తిరుగుతోందో లేదో వేరేగా చెప్పే క్యామ్ సెన్సర్ సాక్ష్యం లేని బండిలో కోడ్ పడకపోవడమే సహజం. కోడ్ల కన్నా లైవ్ డేటా మేలు. సెల్ఫ్ కొడుతుంటే ఆర్‌పీఎం సున్నా చూపిస్తోందా? ఇంజన్ కాగిపోతుంటే కూలెంట్ ఉష్ణోగ్రత -40 అంటోందా? చాలా బళ్లలో -40 అంటే ఆ సెన్సర్ వైరు తెగిందని. కంప్యూటర్ ఇంజన్ గడ్డకట్టి ఉందనుకుని పెట్రోల్ కుమ్మరిస్తుంది. నల్లపొగ, పెట్రోల్ వాసన, చివరికి ఆగిపోవడం. పరీక్షలన్నీ అయ్యేవరకు బ్యాటరీ తీయకండి, దాచుకున్న కోడ్లు పోతాయి.

పాత బళ్లలో వైర్ల విషయంలో మల్టీమీటర్ కూడా మోసం చేయగలదు. పది పోగుల వైరులో తొమ్మిది తెగి ఒక్కటే మిగిలినా ఓముల పరీక్షలో వైరు భేషుగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది, ఎందుకంటే మీటరు పంపే కరెంటు అతి స్వల్పం. పంపులాంటిది కొన్ని ఆంపియర్లు అడిగినప్పుడే ఆ ఒక్క పోగు చేతులెత్తేస్తుంది. అందుకే వైరును పని చేస్తుండగా పరీక్షించాలి. మీటరును వోల్టుల్లో పెట్టి ఒక కొన బ్యాటరీ మైనస్ ముడికి, మరో కొన ఇంజన్ లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ సరిగా లేదు. ఎర్త్ వైరు బోల్టు విప్పి, తుప్పు గీకి, బిగించడానికి పావుగంట పడుతుంది. వింత వింత లక్షణాలతో బాధపెట్టే పాత బళ్లలో నేను మొదట చేసే పని అదే.

రెండు చిన్న బల్బులు

ఇప్పుడు రిలే కథ. నా బండే. వేడెక్కాక, అదీ గతుకుల రోడ్డు మీద ఎక్కువగా, ఆగేది. పెట్రోల్ ఫిల్టరు మార్చాను. ఆ తర్వాత పంపు మార్పించాను. మూడు వారాలు ఒక్కసారి కూడా ఆగలేదు. జబ్బు పోయిందని నమ్మాను. నాలుగో వారం మళ్లీ ఆగింది.

అప్పుడు ఒక పాత పద్ధతి పట్టుకున్నాను. రెండు 12 వోల్టుల చిన్న బల్బులు, వాటి వైర్లలో చెరొక ఫ్యూజు. ఒకదాన్ని కాయిల్‌కు వచ్చే కరెంటు వైరుకు, మరొకదాన్ని పంపుకు వెళ్లే వైరుకు కలిపి, రెండింటినీ డ్యాష్‌బోర్డు కింద కంటికి కనిపించేలా టేపుతో అతికించాను. బండి నడుస్తున్నంతసేపూ రెండూ వెలుగుతుండాలి. పెట్రోల్ ఒత్తిడి గేజీ పెట్టి తిరగవచ్చు, కానీ క్యాబిన్‌లోకి పెట్రోల్ గొట్టం తేవడం నిప్పుతో చెలగాటం. బల్బులతో ఆ భయం లేదు.

ఆరో రోజు సాయంత్రం, మూడో గేరులో ఉండగా పంపు బల్బు ఆరింది. ఓ రెండు క్షణాల తర్వాత ఇంజన్ జర్కులు కొట్టింది. కాయిల్ బల్బు వెలుగుతూనే ఉంది. ఆర్‌పీఎం ముల్లు పైనే ఉండి, బండితోపాటు నెమ్మదిగా దిగింది. అంటే క్రాంక్ సిగ్నల్ ఉంది, కాబట్టి పంపును నడపమన్న ఆజ్ఞ కూడా ఉండాలి. ఆజ్ఞ ఉండీ కరెంటు లేదంటే మధ్యలో మిగిలేది రిలే, దాని వైరు. స్టార్ట్ చేయాలన్న ఆత్రాన్ని ఆపుకుని, తాళం ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయగానే, పంపుకు ఆజ్ఞ ఉండే ఆ రెండు సెకన్లలో, రిలే మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టాను. బల్బు ఒక్క క్షణం వెలిగి ఆరింది.

ఇంటికొచ్చి రిలే డబ్బా విప్పి భూతద్దంతో చూశాను. అడుగున ఒక కాలు చుట్టూ, సోల్డర్ బొట్టులో, గోరుతో గీసినట్టు సన్నని గుండ్రటి పగులు. వేడికి విడిపోవడం, చల్లారితే అతుక్కోవడం. పంపు మార్చినప్పుడు మూడు వారాలు ఎందుకు బాగుందో అప్పుడు అర్థమైంది. పంపు విప్పేముందు గొట్టాల్లో ఒత్తిడి పోవడానికి ఆ రిలేను పీకి, పని అయ్యాక మళ్లీ గుచ్చారు. ఆ కదలికకు పగిలిన అతుకు కొన్నాళ్లు సర్దుకుంది. కొత్త పంపు చేసిందేమీ లేదు. సెన్సర్లు మార్చినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. చాలాసార్లు బాగుచేసేది కొత్త సెన్సర్ కాదు, కనెక్టర్‌ను పీకి పెట్టడంలో దాని కాళ్ల మీది చిలుము రాలిపోవడం. అందుకే ఏ భాగమైనా మార్చేముందు, అదే కనెక్టర్‌ను ఒకసారి పీకి, చూసి, తిరిగి పెట్టి కొన్నాళ్లు నడపమని అందరికీ చెబుతాను. లక్షణం మారితే అదే ఒక ఆధారం.

ఆ అతుకును మళ్లీ సోల్డర్ చేశాను. బాగైందని ఈసారి తొందరపడి నమ్మలేదు. అంతకుముందు సగటున వారానికోసారి ఆగేది కాబట్టి, ఒక వారం ఆగకపోవడం రుజువు కాదు. అదే గతుకుల రోడ్డు మీద, అదే ఎండలో, ట్యాంకులో అంతే పెట్రోల్‌తో, రెండు నెలలు తిరిగాను. ఆ తర్వాతే టేపు పీకి బల్బులు తీశాను.